గురువారం భోజనాలు

నార్బర్ట్ జబ్లోన్స్కీ అరవై ఏడేళ్ల జీవితంలో మిరియాల పొడి కంటే ఘాటైనది నోట్లో పెట్టుకున్న పాపాన పోలేదు. ఉడకబెట్టిన బంగాళాదుంపలు, క్యాబేజీ, శుక్రవారం వేయించిన చేప, ఆదివారం సాసేజ్. అంతకు మించి ఏది వడ్డించినా పళ్లెం చుట్టూ చూపు తిప్పి, "ఇందులో ఏం వేశావు?" అని పోలీసు అడిగినట్టు అడిగేవాడు. ఆ సంగతి ఆయన భార్య లొరెయిన్‌కి తెలిసినంతగా, అమెరికాలో వాళ్లుండే ఈరీ పట్నంలో మరెవరికీ తెలియదు. నలభై మూడేళ్లుగా వండిపెట్టింది ఆవిడే. అందులో ముప్ఫై నాలుగేళ్లు పగలంతా బడి వంటశాలలో వందల మంది పిల్లలకి వండి, సాయంత్రం ఇంటికొచ్చి మళ్లీ ఈయనకి వండేది.

అందుకే ఇద్దరూ ఉద్యోగాలు మానుకున్నాక, క్రిస్మస్ వెళ్లిన నెలకి, ఆవిడ గరిటె సింకులో పడేసి చెప్పేసింది.

"ఇక శనివారాలు నేను పొయ్యి వెలిగించను. బయట తిందాం."

"ఎక్కడ తింటాం? మనం వెళ్లే హోటల్ మూసేశారుగా."

"ఊళ్లో అదొక్కటే ఉందా? పరేడ్ వీధిలో చెప్పుల కొట్టు ఉండేది చూడు, అక్కడ నేపాలీ వాళ్లు మోమోలు పెట్టారట. చర్చిలో అందరూ ఒకటే చెప్పుకోవడం. అక్కడికి పోదాం."

గొణుగుతాడనుకుంది. గొణగలేదు. కాసేపు కిటికీలోంచి మంచు చూసి, "అంత దూరం ఎందుకులే ఈ మంచులో," అన్నాడు. పరేడ్ వీధి వాళ్లింటికి పదకొండు వీధుల అవతల. రైలింజన్ల కార్ఖానాలో పనిచేసినన్నాళ్లూ ఇంతకు రెట్టింపు మంచులో ఊరవతలికి కారు నడిపిన మనిషి.

కొట్టు చిన్నది. ఆరు బల్లలు, కిటికీ అద్దాలనిండా ఆవిరి. గల్లా దగ్గర నలభై ఏళ్లావిడ, ఆ కొట్టు యజమానురాలు దిల్‌మాయ, తలుపు చప్పుడుకి తలెత్తి మొహమంతా నవ్వు చేసుకుంది.

"అంకుల్! ఇవాళ శనివారం కదా!"

అని, ఆయన వెనకాల బూట్ల మంచు దులుపుకుంటున్న లొరెయిన్‌ని చూసి, నవ్వు సగంలో ఆపేసింది.

"ఏమందావిడ?" అంది లొరెయిన్ కూర్చుంటూ.

"శనివారం అంది. శనివారమేగా."

"నిన్ను అంకుల్ అంటోంది."

"వాళ్లు అందరినీ అలాగే అంటారంట. వరసలు కలుపుకుంటారు."

"అంటారంటనా? ఎవరు చెప్పారు నీకు?"

నార్బర్ట్ మెనూ చదవడంలో పడ్డాడు. కళ్లజోడు పెట్టుకోకుండానే చదువుతున్నాడని లొరెయిన్ గమనించింది. కళ్లజోడు లేకపోతే ఆయనకి పాలసీసా మీద తేదీ కూడా కనపడదు.

మోమోలు వచ్చాయి, ఆవిరి మీద ఉడికించిన మాంసం కుడుములు. లొరెయిన్ ఫోర్కుతో ఒకటి పొడిచింది. లోపలి రసమంతా పళ్లెంలో కారిపోయింది. నార్బర్ట్ మాత్రం వేళ్లతో ఒకటి తీసుకుని, అంచున చిన్న కన్నం పడేలా కొరికి, రసం పీల్చి, మిగిలినదాన్ని ఎర్రటి పచ్చడిలో ముంచి నోట్లో వేసుకున్నాడు. నుదురు చెమర్చింది. తుడుచుకుని రెండోది తీసుకున్నాడు.

లొరెయిన్ ఫోర్కు కింద పెట్టేసింది.

"ఎక్కడ నేర్చుకున్నావు అలా తినడం?"

"టీవీలో చూశా."

"మన టీవీలోనా? హాకీ తప్ప ఇంకేం పెడతావు నువ్వు దాంట్లో?"

ఈలోగా దిల్‌మాయ రెండు గిన్నెల నిండా పులియబెట్టిన ఆకుకూర చారు తెచ్చి పెట్టింది. మేం అడగలేదే అంటే, "ఊరికే ఆంటీ, చలికి మంచిది," అంది. చారు బాగా పుల్లగా ఉంది. దిల్‌మాయ వెళ్లిపోతూ, కుర్చీలోంచి ఎవరో లేచి వెళ్లిపోయినట్టు, బల్లకి మూడో పక్కన ఖాళీగా ఉన్న కుర్చీ వైపు ఒక్క క్షణం చూసింది. ఆ చూపు లొరెయిన్‌కి పంటి కింద రాయిలా తగిలింది.

ఆ వారమంతా ఆవిడ మొగుణ్ణి కొత్తగా చూసింది. ముప్ఫై నాలుగేళ్లు బడిపిల్లల మొహాలు చూసి ఎవడు రెండోసారి వరసలో నిలబడ్డాడో కనిపెట్టిన మనిషి. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టగలదు. ఆయన గురువారం గురువారం పదింటికల్లా పోలిష్ క్లబ్బులో పేకాటకని బయల్దేరతాడు, మూడు దాటాక వస్తాడు. డిసెంబరు నుంచీ ఇదే తంతు. వచ్చాక మధ్యాహ్నం భోజనం వద్దంటాడు. "క్లబ్బులో ఏదో తిన్నాలే" అంటాడు. ఇదివరకు అందులో ఆవిడకి వింతేమీ కనపడలేదు. ఇప్పుడు అన్నీ వింతగానే ఉన్నాయి. గురువారాలే గడ్డం నున్నగా గీసుకుంటున్నాడు. గురువారాలే కారులో ముందు సీటు దులుపుతున్నాడు.

రెండో శనివారం ఎక్కడికో చెప్పకుండా కారు తనే నడిపింది. ఇరవయ్యారో వీధిలో ఇరాకీ వాళ్ల హోటల్ ముందు ఆపేసరికి నార్బర్ట్ సీట్లో కొంచెం కిందికి జారాడు.

యజమాని కాజిమ్, బుంగమీసాల పెద్దమనిషి, రెండు చేతులూ చాపుకుంటూ ఎదురొచ్చాడు. "ఓ, నా ప్రాణమిత్రుడా..." అంటూ. నార్బర్ట్ తల అడ్డంగా ఆడించాడు, ఈగని తోలినట్టు. కాజిమ్ చేతులు అలాగే గాల్లో ఉండిపోయి, మెల్లిగా పక్కనున్న కుర్చీ మీదికి దిగాయి.

"దయచేయండి అమ్మగారూ. మొదటిసారా మా దగ్గరికి?"

"నాకు మొదటిసారే," అంది లొరెయిన్. "ఆయన సంగతి మీరే చెప్పాలి."

"హహ్హ! మీరు చాలా సరదా మనిషి!" అని కాజిమ్ వంటింట్లోకి పారిపోయినంత పని చేశాడు.

పప్పు సూపు వచ్చింది. దాని పక్కన ఒక చిన్న పళ్లెంలో కోసిన నిమ్మకాయలు, ఇద్దరికి ఎనిమిది చెక్కలు. చుట్టుపక్కల బల్లలకేసి చూసింది. అందరికీ రెండేసి చెక్కలే. వంటింటి కిటికీలోంచి కాజిమ్ భార్య తొంగిచూసి మొగుడితో ఏదో అంది. వాళ్ల భాష లొరెయిన్‌కి రాదు. కానీ ఆడమనిషి ఇంకో ఆడమనిషిని చూసి "ఈవిడ ఆవిడ కాదే" అనుకోవడం ఏ భాషలోనైనా ఒకేలా ఉంటుంది.

"నిమ్మకాయలు ఎవరికి?" అంది.

"సూపులోకి."

"ఇన్నా?"

"వాళ్ల పద్ధతేమో లొరీ. తిను, చల్లారిపోతుంది."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది ఆయన వాలకం. లొరెయిన్ తింది. మాంసం వెన్నలా ఉంది, రొట్టె పొయ్యిలోంచి అప్పుడే తీసింది. అంత మంచి తిండి రుచించకపోవడం ఆవిడకి అదే మొదలు.

మూడో శనివారం కాంగో వాళ్ల హోటల్‌కి తీసుకెళ్లింది. వడ్డించే ఎస్పెరాన్స్ అనే ఆవిడ మొహంలో లొరెయిన్ ఎంత వెతికినా గుర్తుపట్టిన జాడ కనపడలేదు. నార్బర్ట్ ఫుఫు అనే కర్రపెండలం పిండి ముద్దని కత్తితో కోయబోయాడు. ఎస్పెరాన్స్ వచ్చి ఆయన చెయ్యి మీద ఒక్కటి వేసి, "చేత్తో, తాతా, చేత్తో! అది మాంసం కాదు, నువ్వు ఆపరేషన్ చేసే డాక్టరువీ కాదు," అంది. ముద్ద ఆయన వేళ్లకి అతుక్కుని వదల్లేదు. లొరెయిన్‌కి నవ్వాగలేదు. నెలలో మొదటిసారి నవ్వింది. ఆయనా నవ్వాడు. నాకు మతి పోయింది, ఉత్తపుణ్యానికి ఈ మనిషిని అనుమానించాను అనుకుంది.

తిరిగొచ్చేటప్పుడు కారు ఎక్కబోతుంటే చేతిసంచి జారి ముందు సీటు కింద పడింది. వంగి తడిమింది. మెత్తగా ఏదో తగిలింది. తీస్తే ఊలు టోపీ. ఆడవాళ్లది, లేత నీలం, అంచున తెల్ల పూలు. లోపలా బయటా తిప్పి చూసింది. ఒక్క వెంట్రుక లేదు. తుడిచి దాచినంత శుభ్రంగా ఉంది.

నార్బర్ట్ అవతలి వైపు అద్దం మీది మంచు గీకుతున్నాడు. లొరెయిన్ టోపీ మడిచి కోటు జేబులో పెట్టుకుంది. 

ఆ టోపీ ఎవరిదో ఆవిడ వెతుక్కోనక్కర్లేకపోయింది. అలాంటి అల్లిక ఊళ్లో ఒక్కరిదే. మార్లీన్. చర్చిలో ముందు వరసలో కూర్చుని, ప్రసంగం జరుగుతుంటే కూడా ఒళ్లో సూదులు ఆడిస్తూనే ఉండే మార్లీన్. నార్బర్ట్ స్నేహితుడు ఎడ్డీ భార్య. ఎడ్డీ పోయి రెండేళ్లు. డిసెంబరులో వాళ్లింట్లో హీటర్ పాడైతే బాగుచేసి వచ్చింది ఎవరు? నార్బర్ట్. ఎంతసేపు పట్టింది? సాయంత్రం దాకా.

గురువారం ఆయన బయల్దేరిన అరగంటకి పోలిష్ క్లబ్బుకి ఫోన్ చేసింది. ఎత్తినవాడు ముసలి బర్నీ, కాస్త చెవుడు.

"నార్బా? నార్బ్ ఇక్కడెక్కడున్నాడు? నవంబరులో థాంక్స్‌గివింగ్ పండగ తర్వాత మొహం చూపించలేదు. ఒంట్లో బాగానే ఉందా వాడికి?"

"బ్రహ్మాండంగా ఉంది," అంది లొరెయిన్.

మర్నాడు శుక్రవారం. ఈస్టరుకి ముందు మాంసం మానేసే శుక్రవారాల్లో చర్చి కింది హాల్లో చేపల వేపుడు పెడతారు. ఊరు ఊరంతా వస్తుంది. నార్బర్ట్ ఆవిడని గుమ్మం దగ్గర దింపి కారు పెట్టడానికి వెళ్లాడు. లొరెయిన్ పళ్లెం పట్టుకుని వరసలో నిలబడింది. వడ్డించే బల్ల వెనకాల మార్లీన్, ఏప్రన్ కట్టుకుని, పటకారుతో చేప ముక్కలు వేస్తోంది.

"లొరెయిన్! ఏంటి ఇంత ఆలస్యం? నీకోసం మంచి ముక్క తీసిపెట్టా."

లొరెయిన్ జేబులోంచి టోపీ తీసి చేపల ట్రే పక్కన పెట్టింది.

"నీ సొత్తు మా కారులో మర్చిపోయావు. తీసుకో. గురువారం భోజనాలు ఎలా ఉన్నాయి మార్లీన్? నిమ్మకాయ సరిపోతోందా?"

 నూనె చిటపటలు ఒక్కటే వినపడుతున్నాయి. మార్లీన్ టోపీ చేతిలోకి తీసుకుని, అంచు తిప్పి చూసింది.

"ఇది నేను అల్లిందే," అంది నెమ్మదిగా. "కానీ..."

"చాలు. ఒప్పుకున్నావు, అదే పదివేలు. ఎడ్డీ బతికుంటే ఏమనేవాడో?"

మార్లీన్ మొహం పాలిపోయింది. పటకారు చేతిలోంచి జారి ట్రేలో పడింది.  లొరెయిన్ ఖాళీ పళ్లెం బల్ల మీద పెట్టి, మెట్లెక్కి వచ్చేసింది. పైన ఎదురైన మొగుడితో ఒకటే మాటంది. "ఇంటికి పద."

ఇంట్లో తలుపు వేసీ వేయకముందే మొదలైంది.

"క్లబ్బుకి ఫోన్ చేశాను. బర్నీతో మాట్లాడాను. టోపీ దొరికింది. మార్లీన్ అందరి ముందూ ఒప్పుకుంది. ఇంకేమైనా ఉందా చెప్పడానికి?"

నార్బర్ట్ కోటు విప్పకుండానే మెట్టు మీద కూలబడ్డాడు. "మార్లీన్‌నా? మార్లీన్‌ని అన్నావా? అందరి ముందూ?"

"అవును."

"అయ్యో లొరీ! మార్లీన్‌కీ దీనికీ ఏ సంబంధం లేదు. అమ్మ మీద ఒట్టు."

"అయితే ఎవరు?"

ఆయన తన తల మీది టోపీ తీసి చేతుల్లో నలిపాడు. "చెప్పలేను."

"ఏం?"

"మాటిచ్చాను."

"మాటిచ్చావా!" లొరెయిన్ గొంతు ఇల్లంతా వినపడింది. "ఎవతికో ఇచ్చిన మాట తప్పవు. నలభై మూడేళ్ల కింద ఆ చర్చిలో నాకిచ్చిన మాటకి మాత్రం కాలం చెల్లిపోయిందా?"

"నువ్వనుకునేది కాదు లొరీ."

"మరైతే ఏది? అది చెప్పు, నువ్వనుకునేది కాదు నువ్వనుకునేది కాదు అని చిలకలా అనకు!"

చెప్పలేదు. కొట్టినా చెప్పేలా లేడు. ఆ వారమంతా పిల్లలు వదిలేసిన మేడగదిలో పడుకున్నాడు. లొరెయిన్ మూడుపూటలా క్యాబేజీ ఉడకబెట్టి, పళ్లెం బల్ల మీద చప్పుడయ్యేలా పెట్టింది. కిక్కురుమనకుండా తిన్నాడు.

గురువారం ఉదయం ఆయన గడ్డం గీసుకుంటున్న చప్పుడు విని ఆవిడ పళ్లు కొరుక్కుంది. ఇంత జరిగాక కూడా! కారు మలుపు తిరిగేదాకా ఆగి, తువ్వాళ్లు నాలుగు ఒక సంచిలో కుక్కి, బస్సెక్కింది. పరేడ్ వీధిలో మోమోల కొట్టుకి సరిగ్గా ఎదురుగా, డబ్బులేసి బట్టలు ఉతుక్కునే చోటు ఉంది. కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. శుభ్రంగా ఉన్న తువ్వాళ్లని ఒకసారి ఉతికింది. ఎవరూ రాలేదు. మళ్లీ ఉతికింది. పక్కన పిల్లాడి బట్టలు మడుస్తున్న ఆవిడ జాలిగా చూసి, "మరక పోవట్లేదా?" అంది.

"పోవట్లేదు," అంది లొరెయిన్.

ఒంటిగంట దాటాక వాళ్ల కారు వచ్చి కొట్టు ముందు ఆగింది. నార్బర్ట్ దిగాడు. చుట్టూ తిరిగి వెళ్లి అవతలి తలుపు తీశాడు. తన కోసం ఆయన కారు తలుపు తీసి ఎన్నేళ్లయిందో లొరెయిన్‌కి గుర్తు లేదు. లోపలినుంచి సన్నటి చెయ్యొకటి ఆయన మోచెయ్యి పట్టుకుంది. తలకి గుడ్డ చుట్టుకున్న మనిషి దిగింది. గాలి వస్తే ఎగిరిపోయేలా ఉంది. కోటు ఒంటి మీద కాక కొంకికి తగిలించినట్టు వేలాడుతోంది.

ముసలిదా! అనుకుంది ముందు. అంతలో ఆ మనిషి చేతిసంచి ఎడమ చంకలోకి నొక్కుకుని, మోచెయ్యి బయటికి పొడుచుకొచ్చేలా పెట్టి, మంచుని తిడుతున్నట్టు అడుగులేసింది. ఆ నడక ఈ భూమ్మీద ఒక్కరిదే.

జెనీవీవ్. తన అక్క. పదకొండేళ్లుగా మాటల్లేని అక్క.

ఒక్క క్షణం గుండెల మీంచి బండ దిగినట్టయింది. మరుక్షణం అంతకు రెట్టింపు బరువుది ఎక్కి కూర్చుంది. పరాయి ఆడదైతే ఏడ్చి, తిట్టి, ఇంట్లోంచి గెంటేది. ఇదేంటి? తన వెనకాల, తన మొగుడు, తన తోడబుట్టినదానితో చేతులు కలపడమేంటి?

ఇద్దరి తగువూ అమ్మని సమాధి చేసిన రోజు భోజనాల దగ్గర మొదలైంది. అమ్మది గుండెజబ్బు. ఉప్పు వద్దన్నారు. చప్పటి కూడు తినలేక అమ్మ ఏడ్చేది. లొరెయిన్ రోజూ బార్లీ సూపు కాచి తీసుకెళ్లేది, కాస్త ఉప్పు వేసి. జెనీవీవ్ ఆ రోజు నలుగురి మధ్యా లేచి నిలబడి, "అమ్మని చంపింది నీ సూపే," అంది. ఆ మాట తర్వాత ఇద్దరి మధ్యా ఇంకో మాట లేదు. ఒకే ఊరు. ఒకరు ఈ చర్చికొస్తే ఇంకొకరు ఆ చర్చికి వెళ్లారు.

లొరెయిన్ తువ్వాళ్లు మిషన్లోనే వదిలేసి రోడ్డు దాటింది.

లోపల నార్బర్ట్ ఆవిడని చూసి సగం లేచి, సగంలోనే ఉండిపోయాడు. దిల్‌మాయ చేతిలో గిన్నె పట్టుకుని ఎటూ కదల్లేదు. జెనీవీవ్ మాత్రం తల తిప్పి, కనుబొమల్లేని మొహంతో చెల్లెల్ని ఎగాదిగా చూసింది.

"వచ్చావా? ఇంకా రాలేదేంటా అనుకుంటున్నా. ఇతగాడు నెల రోజుల్నుంచీ తేలు కుట్టిన దొంగలా ఉన్నాడు. ఇలాంటివాణ్ణి నమ్మి రహస్యం చెప్పడం నాదే బుద్ధి తక్కువ."

"నేను చెప్పలేదు జెన్నీ," అన్నాడు నార్బర్ట్.

"నువ్వు చెప్పక్కర్లేదు నాయనా. నీ మొహం చెప్తుంది."

లొరెయిన్ నిలబడే ఉంది. "ఏమైంది నీకు?"

"కనపడట్లేదా? రొమ్ములో పుట్టింది. గురువారం గురువారం ఆసుపత్రిలో మందెక్కిస్తారు. పన్నెండైపోయాయి, ఇంకా నాలుగున్నాయి. కూర్చో. మెడ నొప్పెడుతోంది నిన్ను చూడలేక."

మూడో కుర్చీలో లొరెయిన్ కూర్చుంది. నార్బర్ట్ ముక్కలుముక్కలుగా చెప్పుకొచ్చాడు. డిసెంబరులో మోకాలు చూపించుకోవడానికి వెళ్లినప్పుడు ఆసుపత్రి ముందు బస్సు కోసం మంచులో నిలబడి కనపడిందట. ఎక్కమంటే ఎక్కనందట. చెల్లెలికి చెప్పనని ఒట్టేస్తేనే ఎక్కిందట. ఏం తిన్నా ఇనప మేకు చప్పరించినట్టుంటోందని, మూడు వారాలుగా సరిగ్గా తినలేదని దారిలో చెప్పిందట. ఈ వీధిలోకి వచ్చేసరికి ఏదో పుల్లటి వాసన వచ్చి, "ఆపు, ఆపు" అందట.

"పులుపు, కారం తెలుస్తున్నాయి," అంది జెనీవీవ్. "మన దుంపలు, మన సూపులు ఏవీ తెలియట్లేదు. ఈ దిల్‌మాయ పెట్టింది తెలిసింది. ఆ మీసాలాయన సూపులో నాలుగు నిమ్మకాయలు పిండుకుంటే తెలిసింది. మందెక్కించిన రోజే ఆకలి. మర్నాటినుంచి నీళ్లు కూడా సయించవు. అందుకని గురువారం తినిపిస్తున్నాడు మీ ఆయన. పాపం తనూ తింటున్నాడు. మొదటిరోజు చూడాల్సింది, పచ్చడి నోట్లో పెట్టుకుని దూడలా అరిచాడు."

"నాకెందుకు చెప్పొద్దన్నావు?"

"చెప్తే ఏం చేసేదానివి?"

లొరెయిన్ బల్ల మీది చెంచా చేతిలోకి తీసుకుంది.

"నాకు తెలుసు," అంది జెనీవీవ్. "జాలిపడి వచ్చేదానివి. లేకపోతే, తగిన శాస్తి అయిందిలే అనుకుని రాకుండా ఊరుకునేదానివి. ఈ రెండింట్లో ఏదైనా నాకు అప్పుడు చాతయ్యేది కాదు."

"నా గురించి ఏం మాట్లాడుకునేవాళ్లు ఇద్దరూ ఇక్కడ కూర్చుని?"

"అబ్బో, నీ గురించి మాట్లాడుకోకపోతే మాకు పొద్దుపోదు మరి! హాకీ గురించి మాట్లాడుకునేవాళ్లం."

లొరెయిన్ మొగుడి వంక చూసింది. నిజమే అన్నట్టు తలూపాడు. అయినా ఆవిడకి పూర్తిగా నమ్మకం కలగలేదు. ఒకసారి అలవాటైన చూపు అంత తొందరగా పోదు. అక్క తన దగ్గర ఇంకేదో దాస్తోందేమో, నాలుగు అన్నది ఇంకా ఎక్కువేమో అని ఆ మొహంలో వెతుకుతూనే ఉంది. జెనీవీవ్ మోమోని రెండు వేళ్లతో పట్టుకుని, అంచు కొరికి, కళ్లు మూసుకుని రసం పీల్చింది. లొరెయిన్ పచ్చడి గిన్నె ఆవిడ వైపు జరిపింది.

"ఆ తలగుడ్డేంటి? చలికి ఆగుతుందా?" అంది, ఏదో ఒకటి అనాలి కనక.

"ఆసుపత్రిలో మంచి టోపీ ఇచ్చారు. ఎవరో అల్లి పంపిస్తారంట, మాలాంటివాళ్లకి. నీలంది. ఎక్కడో పోగొట్టుకున్నా."

లొరెయిన్ చేతిలో చెంచా ఆగిపోయింది.

ఆ సాయంత్రమే మార్లీన్ ఇంటికి వెళ్లింది. మార్లీన్ తలుపుకి గొలుసు తీయకుండా, సందులోంచి చూసింది. లొరెయిన్ జరిగిందంతా చెప్పింది. తప్పయిపోయిందంది. ఏడ్చింది కూడా. మార్లీన్ ఏడవలేదు.

"ఆసుపత్రికి ఏడాదికి ఎనభై టోపీలు అల్లి పంపిస్తా. అదే చెప్పబోయా ఆ రోజు. నువ్వు నోరెత్తనివ్వలేదు. ఈ వారం రోజుల్లో నాకు కొట్లో ఎదురైన ఇద్దరు మొహం తిప్పుకుని పోయారు లొరెయిన్. ఎడ్డీ చెల్లెలు ఫోన్ చేసి నిజమేనా అని అడిగింది."

"ఏం చెయ్యమంటే అది చేస్తా."

"అందరి ముందూ అన్నావు. గుమ్మంలో నిలబడి నా చెవిలో చెప్తే ఎలా సరిపోతుంది? అందరి ముందూ చెప్పు."

తలుపు వేసేసింది.

రాత్రి నార్బర్ట్ మేడ దిగి వచ్చాడు. "నేనూ వస్తాను రేపు," అన్నాడు. "నేను అబద్ధాలాడకపోతే ఇంతదాకా వచ్చేది కాదు."

"వద్దు. నా నోరు చేసింది. నా నోరే దిద్దుకోవాలి."

శుక్రవారం హాలు కిక్కిరిసిపోయి ఉంది. లొరెయిన్ వరసలో నిలబడి, తన వంతు రాగానే పళ్లెం బల్ల మీద పెట్టి, వెనక్కి తిరిగింది.  బడి భోజనశాలలో అల్లరిపిల్లల్ని అదిలించే గొంతు ఒకప్పుడు ఆవిడది. అది ఇప్పుడు సన్నగా పీలగా వచ్చింది.

"పోయిన శుక్రవారం నేనిక్కడ మార్లీన్‌ని ఒక మాటన్నాను. మీలో చాలామంది విన్నారు. విననివాళ్లకి విన్నవాళ్లు చెప్పుంటారు. అది అబద్ధం. ఆ టోపీ ఆసుపత్రిలో జబ్బుమనుషులకి ఇచ్చింది. పెట్టుకున్నది మా అక్క జెనీవీవ్. మా ఆయన ఆవిణ్ణి మందుకి తీసుకెళ్తున్నాడు. నాకు తెలియక, తెలుసుకోక, వాగాను. తప్పు నాది."

ఎవరో దగ్గారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ దగ్గరికి రాలేదు. లొరెయిన్ మళ్లీ బల్ల వైపు తిరిగింది. మార్లీన్ ట్రేలోకి చూసి, ఒక తోక ముక్క, అన్నిటికంటే చిన్నది, ఏరి ఆవిడ పళ్లెంలో వేసింది.

"తర్వాతివాళ్లు రండి," అంది.

అంతకంటే ఎక్కువ మార్లీన్ ఆ ఏడు మాట్లాడలేదు. టోపీ మాత్రం ఇంకొకటి అల్లి, పేరు రాయకుండా, లొరెయిన్ వాళ్ల తపాలా పెట్టెలో పడేసి వెళ్లింది.

మిగిలిన నాలుగు గురువారాలూ కారు లొరెయిన్ నడిపింది. అక్కాచెల్లెళ్లు దారంతా పోట్లాడుకునేవాళ్లు. బ్రేకు గట్టిగా వేశావని ఒకరు, సీటు బెల్టు సరిగ్గా పెట్టుకోలేదని ఒకరు. అమ్మ సంగతి ఎత్తలేదు. ఒక్కసారి మాత్రం బోస్నియా వాళ్ల కాఫీ హోటల్లో, పుల్లపెరుగు వేసిన మిరపకాయల కూర తింటూ, జెనీవీవ్ చెంచా ఆపి, "ఆ రోజు నేనన్నది..." అని మొదలుపెట్టింది. లొరెయిన్ ఒళ్లంతా చెవులు చేసుకుంది. జెనీవీవ్ కిటికీలోంచి కాసేపు చూసి, "కాఫీ చల్లారిపోతోంది," అంది. లొరెయిన్ ఇంకాసేపు ఎదురుచూసి, తన కాఫీ తాగేసింది.

జూన్‌లో పరీక్షలు చేసి, ఇప్పటికి ఏమీ లేదు, ఆరు నెలలకి మళ్లీ రండి అన్నారు. ఆరు నెలలంటున్నారంటే ఏదో ఉండే ఉంటుందని లొరెయిన్ డాక్టరుని మూడుసార్లు తిప్పితిప్పి అడిగింది. డాక్టరు మూడుసార్లూ అదే మాట చెప్పాడు.

ఆ తర్వాతి వారం ఫోన్ మోగింది. నార్బర్ట్ ఎత్తి, విని, భార్యకి అందించాడు.

"నీకే."

పదకొండేళ్లలో జెనీవీవ్ ఆ ఇంటికి ఫోన్ చేసి చెల్లెల్ని అడగడం అదే మొదటిసారి.

"ఆ కాంగో వాళ్ల హోటల్ ఏదో ఉందటగా. ముద్ద చేత్తో తినాలంట. రేపు పోదాం," అంది. "మీ ఆయన్ని తీసుకురాకు. రెండోసారి వడ్డించమని అడిగితే వాడు నా వంక అదోలా చూస్తాడు."

"పదకొండున్నరకి వస్తా. గుమ్మంలో ఉండు," అంది లొరెయిన్.

"గుమ్మంలో ఎందుకుంటాను? వచ్చి హారన్ కొట్టు," అని జెనీవీవ్ పెట్టేసింది.